పన్ను వీధికొచ్చింది, పటం రాలేదు

1921 వేసవిలో చీరాల, పేరాల జనం ఇళ్ళకు తాళాలు వేసి, తట్టాబుట్టా సర్దుకుని, మునిసిపల్ హద్దు దాటి అవతల పాకలు వేసుకున్నారు. రెండు ఊళ్ళూ కలిపి జనాభా సుమారు 15,000. వెళ్ళినవాళ్ళు సుమారు 13,000. కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు పదకొండు నెలలు అక్కడే కాపురాలు చేశారు. వాళ్ళను కదిలించింది కరువూ కాదు, తెగులూ కాదు. ఒక మునిసిపాలిటీ. అంతకుముందు ఆ ఊళ్ళు మునిసిపాలిటీ కంటే చిన్నదైన యూనియన్‌గా ఉండేవి. ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం వాటిని కలిపి పురపాలక సంఘం చేసేసరికి ఆ భారం 40,000 దాకా పోతుందని లెక్క తేలింది. కట్టవలసినవాళ్ళలో ఎక్కువమంది మగ్గం మీద బతికే నేతగాళ్ళు. మాకొద్దని అర్జీలు పెట్టారు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం ఇచ్చి ఒక చైర్మన్‌ను కూర్చోబెట్టి పని నడిపించింది. పన్ను కట్టనివాళ్ళు జైలుకు వెళ్ళారు. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీ రెండు దారులు చూపారు: శాంతంగా పన్ను నిరాకరించడం, లేదా ఊరు వదిలి పోవడం. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోది ఎంచుకున్నారు, జనం ఆయన వెంట నడిచారు.

పాఠ్యపుస్తకాలు ఈ కథను స్వాతంత్ర్య పోరాట అధ్యాయంలో పెట్టి వదిలేశాయి. అది అక్కడిదే, నిజం. కానీ మన పట్టణాల పాలన చరిత్రలో దీనికి ఇంకా పెద్ద చోటు ఉండాలి. తెలుగు నేల మీద పురపాలన మొదటినుంచీ ఒక లోపంతో పుట్టిందనీ, ఆ లోపం నేటికీ తీరలేదనీ చీరాల చెబుతుంది. పన్ను వసూలు చేసే అధికారం వార్డు దాకా, వీధి దాకా దిగింది. ఆ వీధి ఎలా ఉండాలో, ఎటు పెరగాలో, పక్కన ఏం కట్టాలో తేల్చే అధికారం మాత్రం ఎప్పుడూ ఎక్కడో పైనే ఉండిపోయింది. ఈ వ్యాసం వాదన అదే.

చీరాలవాళ్ళు పన్ను ఎగ్గొట్టడానికే లేచిపోయారని అప్పట్లోనే అన్నవారున్నారు. ఆ మాట లెక్కకు నిలవదు. ఇల్లూ వాకిలీ విడిచి, ఎండల్లో పాక వేసుకుని, పని చెడగొట్టుకుని పదకొండు నెలలు ఉండటానికయ్యే ఖర్చు ఇంటిపన్నుతో పోలిస్తే ఎక్కడికి పోతుంది? పైగా రామనగర్‌లో వాళ్ళు పాలన లేకుండా ఏమీ బతకలేదు. వేర్వేరు కులాల ప్రతినిధులతో సభ ఏర్పాటు చేసుకున్నారు. తగవులు తీర్చడానికి పంచాయతీ పెట్టుకున్నారు. రామదండు అనే దళంలోని వాలంటీర్లు కాపలా, సేవ చూసుకున్నారు. అంటే కట్టుబాటుకు, ఖర్చుకు వాళ్ళు వెనకాడలేదు. తమను అడగకుండా తమ మీద వేసిన ఏర్పాటుకే ఎదురు తిరిగారు. గోపాలకృష్ణయ్య బరంపురంలో ప్రసంగించినందుకు అరెస్టయి ఏడాది శిక్ష పడ్డాక, చేతిలో డబ్బు అయిపోయాక, జనం ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది.

ఆ లోపం ఎక్కడ మొదలైందో చూడాలంటే ఇంకాస్త వెనక్కి పోవాలి. మద్రాసు రాజధానిలో పట్టణాల అభివృద్ధి చట్టం 1865లో వచ్చింది, 1871లో మరొకటి వచ్చింది. 1870లో వైస్రాయ్ మేయో ప్రభుత్వం ఖర్చుల భారాన్ని రాష్ట్రాల మీదికి దించడం, రాష్ట్రాలు దాన్ని పట్టణాల మీదికి దించడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. రోడ్లు, పారిశుద్ధ్యం, పోలీసు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు జవాబుగా మునిసిపాలిటీ పుట్టింది. 1882 మే 18న వైస్రాయ్ రిపన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం వెలువరించి, దీన్ని ప్రజలకు రాజకీయ శిక్షణగా చూడాలన్నాడు. 1884 చట్టంతో ఎన్నికలు కొంత విస్తరించాయి. అయితే ఓటు పన్ను కట్టేవాళ్ళకే, కౌన్సిల్ చేతికి వచ్చినవి దీపాలు, చెత్త, కాలువలు, బడులు, ఆస్పత్రులు. ఊరి రూపం అనే మాట ఇంకా ఎవరి నోటా లేదు.

ఆ మాట తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్. గవర్నర్ పెంట్‌లాండ్ పిలుపు మీద 1914లో మద్రాసు రాజధానికి వచ్చాడు. ఆయన నగర ప్రదర్శన సామగ్రిని మోసుకొస్తున్న ఓడను జర్మన్ నౌక ఎండెన్ ముంచేసింది. మిత్రులు మళ్ళీ పటాలు, చిత్రాలు పోగుచేసి పంపితే ప్రదర్శన జరిగింది. ఆయన తిరిగిన ఊళ్ళలో తంజావూరు, మదుర, తెలుగు-కన్నడ సరిహద్దు పట్టణం బళ్ళారి ఉన్నాయి. ఇంజినీర్లు పటం మీద రూలుకర్ర పెట్టి తిన్నని రోడ్డు గీసి, దారికి అడ్డొచ్చిన వందల ఇళ్ళు కూల్చమనేవారు. గెడ్డెస్ సందుసందూ నడిచి, ఏ పాడుబడ్డ గోడ తీస్తే గాలి వస్తుందో, ఏ ఖాళీ జాగాలో చెట్టు నాటితే పదిమంది కూర్చుంటారో చూసేవాడు. తక్కువ కూల్చి, తక్కువ ఖర్చుతో, ఉన్నవాళ్ళను ఉన్నచోటే ఉంచి బాగుచేయడం ఆయన పద్ధతి. ఈ పనికి కావలసిన తెలివి ఆ వీధిలో ఉండేవాడి దగ్గరే దొరుకుతుంది. మద్రాసులో కూర్చున్న అధికారికి ఏ బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయో, ఏ మూల వానకు మునుగుతుందో తెలియదు. మన నగర ప్రణాళిక చరిత్రలో చేతికందినట్టే అంది జారిపోయిన అవకాశం అదేనని నా అభిప్రాయం.

ఎందుకంటే 1920లో మద్రాసు శాసనమండలి రెండు చట్టాలు చేసింది. ఒకటి జిల్లా మునిసిపాలిటీల చట్టం, మరొకటి టౌన్ ప్లానింగ్ చట్టం. రెండోది చదివితే పద్ధతి మంచిగానే కనిపిస్తుంది. కౌన్సిల్ ఫలానా ప్రాంతానికి స్కీమ్ చేయదలిచామని తీర్మానించాలి, డ్రాఫ్ట్ ప్రకటించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, విని సవరించాలి. ఆ తర్వాత ప్రభుత్వానికి పంపాలి. ప్రభుత్వం ఒప్పుకుంటేనే అది స్కీమ్. పటం గీసే నిపుణులు పైనున్న డైరెక్టర్ కింద ఉంటారు. చిన్న మునిసిపాలిటీకి సొంత ప్లానర్ లేడు, స్కీమ్‌కు డబ్బు లేదు. దాంతో కౌన్సిల్ తీర్మానం ఆఫీసుల చుట్టూ తిరిగే కాగితమైంది. ఈ చట్టం కింద చేసిన జనరల్ టౌన్ ప్లానింగ్ స్కీములే తర్వాత దశాబ్దాల పాటు మన పట్టణాలకు మాస్టర్ ప్లాన్లయ్యాయి. వాటి మీద అభ్యంతరాలు చెప్పుకునే గడువు నోటీసు బోర్డు మీద, గజెట్‌లో వచ్చి పోతుంది. తన ఇంటి మీదుగా అరవై అడుగుల రోడ్డు గీశారని ఇంటాయనకు తెలిసేది చాలాసార్లు పైఅంతస్తుకు అనుమతి అడిగినప్పుడే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. అదే కాలంలో నిజాం హైదరాబాదులో ఎన్నికలతో పనిలేని బోర్డు ఒకటి నగరాన్ని మార్చి చూపించింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది ప్రాణాలు తీసింది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించారు. ఆయన సూచన మీద కట్టిన జలాశయాల్లో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తొలగించి రోడ్లు వెడల్పు చేసింది, కొత్త ఇళ్ళు కట్టించింది, పత్తర్‌గట్టీకి రాతి దుకాణాల వరుస తెచ్చింది. పక్కనే ఉన్న మునిసిపాలిటీ సంగతి వేరు. 1869లో దివాన్ సాలార్‌జంగ్ మునిసిపల్ శాఖ పెట్టినా, 1933లో చాదర్‌ఘాట్‌ను కలిపి కార్పొరేషన్‌గా చేసినా, మరుసటి ఏడు ఎన్నికలు జరిగినా, 1942లో ఆ హోదా పోయింది. కౌన్సిల్ తగవులాడుకుంది, బోర్డు పనిచేసింది, మరి జనానికి ఏది మేలు అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే.

నా జవాబు ఇది. బోర్డు చేసినది గొప్ప పనే. అయితే అది ఒకసారి చేసి వదిలే పని. ఆనకట్ట కట్టడానికి విశ్వేశ్వరయ్య చాలు. కట్టాక మూసీలో కలిసే నాలా మీద ఎవరూ గోడ లేపకుండా ఏటేటా చూడటానికి ఆ వీధివాళ్ళు కావాలి. 2000 ఆగస్టులో హైదరాబాదు మునిగింది, నాలాలు వెడల్పు చేయాలని నిపుణుల నివేదిక వచ్చింది, 2020 అక్టోబరులో మళ్ళీ మునిగింది. నిపుణుల కొరత ఆ ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ లేదు. చెరువు శిఖంలో మట్టి పోస్తుంటే తెల్లారేసరికి చూసేది పక్కింటివాళ్ళు, అడిగే హక్కు లేనిది కూడా వాళ్ళకే. రెండోది, ఆ బోర్డుకు రాజు ఖజానా ఉంది, తొలగించిన బస్తీ జనం ఎదురు చెప్పే వీలు లేదు. ఎవరు ఇల్లు పోగొట్టుకున్నారు, ఎవరికి కొత్త ఇల్లు వచ్చింది అన్న లెక్కను ఆ బస్తీవాళ్ళ ముందు పెట్టాల్సిన అవసరం దానికి లేదు.

స్వతంత్ర భారతం ఈ రెండు దారుల్లో బోర్డు దారినే ఎంచుకుంది, ఖజానా మాత్రం లేకుండా. 1970 తర్వాత పదహారేళ్ళు హైదరాబాదుకు ఎన్నికైన కౌన్సిల్ లేదు. స్పెషల్ ఆఫీసర్ పాలన. సరిగ్గా ఆ మధ్యలో 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చి హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) పుట్టింది, భూమి వాడకం, లేఅవుట్లు, మాస్టర్ ప్లాన్ దాని చేతికి పోయాయి. 1986లో ఎన్నికలు జరిగేసరికి ఊరి పటం వేరే ఆఫీసులో ఉంది. ఆ కౌన్సిల్ గడువు తీరాక మళ్ళీ ఎన్నికలు 2002లోనే. విశాఖకు 2012 నుంచి 2021 దాకా కార్పొరేటర్లే లేరు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలులో పట్టణ ప్రణాళికను మొదటి అంశంగా పెట్టింది. అయితే రాష్ట్రాలు ‘ఇవ్వవచ్చు’ అని మాత్రమే అంది. రాష్ట్రాలు ఇవ్వలేదు. 2005లో కేంద్రం పట్టణాల నిధులకు షరతుగా ప్రజల భాగస్వామ్యం కోసం చట్టం చేయమంది. 2019 తెలంగాణ మునిసిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది: యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు, ఒక్కోదానిలో పదిహేనుమంది. మొక్కలు, చెత్త, పరిశుభ్రత గురించి సలహా చెప్పడం వాటి పని. పక్క స్థలంలో ఏడంతస్తులు లేపుతుంటే ఆపమనే అధికారం వాటికి లేదు.

వార్డు కమిటీకి ఆ అధికారం ఇస్తే పనులు ఆగిపోతాయని, పార్టీవాళ్ళు, స్థలాలవాళ్ళు దాన్ని పట్టేస్తారని అంటారు. ఎవరూ తమ వీధిలో చెత్త డంపు, శ్మశానం, పేదల ఇళ్ళు రానివ్వరని కూడా అంటారు. ఈ చివరి మాటలో నిజముంది. అందుకే నగరం మొత్తానికి సంబంధించిన నిర్ణయం కౌన్సిల్ దగ్గర, దాన్ని వీధిలో ఎలా అమర్చాలన్నది వార్డు దగ్గర ఉండాలి. అసలు ప్రశ్న వేరు. వార్డును పక్కన పెట్టినందువల్ల స్థలాలవాళ్ళ పట్టు తగ్గిందా? 2007 చివర్లో అక్రమ కట్టడాలకు, అనుమతి లేని లేఅవుట్లకు క్రమబద్ధీకరణ పథకాలు తెచ్చారు. 2015లో మళ్ళీ, 2020లో మళ్ళీ. ఆ చివరిదానికి ఒక్క తెలంగాణలోనే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అన్ని ప్లాట్లు ఎవరి కళ్ళూ గప్పి అమ్మినవి కావు. రాళ్ళు పాతింది, రిజిస్ట్రేషన్ చేసింది, కొన్నవాళ్ళు రోడ్డు కోసం చందాలు వేసుకున్నది అందరి ఎదుటే. పైనుంచి నడిచిన ప్రణాళికకు ఇంతకంటే పెద్ద ఓటమి చిట్టా ఇంకేం కావాలి? కేరళలో 1996 నుంచి ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు మించి స్థానిక సంస్థలకిచ్చి, వార్డు సభలు కూర్చోబెట్టారు. అక్కడా తగవులున్నాయి, పార్టీలున్నాయి, అయినా రాష్ట్రం నిలిచిపోలేదు.

రామనగర్ సభలో కులానికో ప్రతినిధి ఉండటం నాకు పదేపదే గుర్తొస్తుంది. 1884 చట్టం పన్ను కట్టేవాడికే ఓటిచ్చింది. రామనగర్ నేతగాణ్ణీ కూర్చోబెట్టింది. పాకల ఊరు, పదకొండు నెలల ఆయుష్షు, దాని లోపాలు దానికుంటాయి. కానీ ఎవరు ఎక్కడ ఉండాలి, ఎవరి తగవు ఎవరు తీర్చాలి అన్నవి అక్కడివాళ్ళే తేల్చుకున్నారు. మన పట్టణాల్లో ఆ పని అంతకుముందు జరగలేదు, తర్వాతా పెద్దగా జరగలేదు.

రాజ్యాంగం 243ఎస్ అధికరణం వార్డు కమిటీలను మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకే తప్పనిసరి చేసింది. 2011 జనాభా లెక్కల్లో చీరాల మునిసిపాలిటీ జనాభా లక్షకు లోపే.