పేగు పంపే కబురు

1902 జనవరి 16. లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ మత్తిచ్చిన కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు నాడులన్నీ తెంచేశారు. తర్వాత అందులోకి ఆమ్లం పంపారు. అయినా క్లోమం రసం ఊరించింది. ఈ రసాన్ని నాడులే నడిపిస్తాయని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగశాల గట్టిగా నమ్ముతున్న రోజులవి. స్టార్లింగ్ వెంటనే పేగు లోపలి పొరను గీకి, ఇసుకా ఆమ్లమూ కలిపి నూరి, వడకట్టి, కుక్క రక్తంలోకి ఎక్కించాడు. మళ్లీ రసం ఊరింది! కబురు మోసుకెళ్లింది రక్తమే. ఆ కబురుకు సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలా రక్తంలో కబురు మోసే పదార్థాలకు హార్మోన్ అన్న మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు.

పేగు ఇలా క్లోమాన్ని కదిలిస్తే, క్లోమంతో ముడిపడిన షుగర్ వ్యాధికీ దారి దొరకదా? 1906లో లివర్‌పూల్ వైద్యులు పంది పేగు సారాన్ని రోగులకు తాగించారు. ఇన్సులిన్ రావడానికి ఇంకా పదిహేనేళ్లుంది. 1932లో బెల్జియం శాస్త్రవేత్త జాన్ లా బార్, చక్కెర తగ్గించే ఈ పేగు పదార్థానికి ఇంక్రెటిన్ అని పేరు పెట్టాడు.

ఆ పేరు ఎంతోకాలం నిలవలేదు. అమెరికాలో ఆండ్రూ ఐవీ బృందం కుక్కల మీద పరీక్షలు చేసి, 1940 నాటికి ఇంక్రెటిన్ ఉందనడమే సందేహమని తేల్చింది. ఐవీ సామాన్యుడు కాదు. కొలిసిస్టోకైనిన్ అనే పేగు హార్మోన్‌ను 1928లో కనిపెట్టినవాడు. అంతటివాడు కాదన్నాక ఎవరు వెతుకుతారు? దాదాపు పాతికేళ్లు ఆ ఊసే లేదు. తప్పు ఐవీది అనడం అన్యాయం. రక్తంలో చక్కెరను కొలవగలిగారు గానీ, ఇన్సులిన్‌ను కొలిచే సాధనం అప్పట్లో ఎవరి దగ్గరా లేదు.

ఆ సాధనం న్యూయార్క్‌లో, బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో పుట్టింది. రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ 1960లో రేడియో ఇమ్యునో ఎస్సే పద్ధతిని వివరంగా ప్రకటించారు. నాలుగేళ్లకే బ్రిటన్‌లో నీల్ మెకింటైర్ బృందం గ్లూకోజ్‌ను ఒకసారి సిరలోకి, ఇంకోసారి గొట్టం ద్వారా చిన్నపేగులోకి పంపి చూసింది. సిరలోకి ఎక్కించినప్పుడే రక్తంలో చక్కెర ఎక్కువ. ఇన్సులిన్ ఎక్కువగా పుట్టింది మాత్రం పేగులోకి పంపినప్పుడు! లా బార్ మాట నిజమేనని తేలిపోయింది.

ఆ తర్వాత ఇంక్రెటిన్ హార్మోన్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1970ల మొదట్లో జీఐపీ, 1987లో జీఎల్‌పీ-1. రెండింటికీ ఒక మంచి గుణం ఉంది: రక్తంలో చక్కెర పెరిగి ఉన్నప్పుడే ఇన్సులిన్‌ను ఎగదోస్తాయి, తగ్గితే ఊరుకుంటాయి. అయితే జీఎల్‌పీ-1ను డీపీపీ-4 అనే ఎంజైమ్ రెండు నిమిషాల్లోనే సగానికి సగం పాడుచేస్తుంది. మందుగా వాడాలంటే అదే పెద్ద అడ్డంకి.

దానికి విరుగుడు గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి దగ్గర దొరికింది. దాని విషంలో, జీఎల్‌పీ-1లాగే పనిచేస్తూ ఆ ఎంజైమ్‌కు లొంగని ఎక్సెండిన్-4ను జాన్ ఎంగ్ 1992లో వెల్లడించాడు. ఆయన పనిచేసింది యాలో పనిచేసిన ఆ బ్రాంక్స్ ఆసుపత్రిలోనే. ఆ పదార్థం ఎక్సెనటైడ్ పేరుతో 2005 ఏప్రిల్‌లో అమెరికాలో షుగర్ మందుగా అనుమతి పొందింది.