బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ జన్యువు

మనిషి మూడో క్రోమోజోము పొడుగు భుజం మీద ఉండే జన్యువు. కాలేయంలో తయారై రక్తంలో తిరిగే ఒక ఎంజైముకు మూలం. ఈ ఎంజైము లేకున్నా రోజువారీ బతుకుకు లోటు లేదు. ఆపరేషన్ బల్ల మీదే అసలు చిక్కు. గొంతులోకి గొట్టం దింపేముందు కండరాలు సడలడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా నిమిషాల్లో విరిగిపోతుంది. ఎంజైము లేనివారికి గంటలకొద్దీ యంత్రమే ఊపిరి పోయాలి.

1957లో టొరంటోలో వెర్నర్ కాలో ఈ ఎంజైములో తేడాను పట్టే తేలికైన పరీక్ష కనిపెట్టారు. డైబ్యుకైన్ అనే మందు మామూలు ఎంజైమును దాదాపు 80 శాతం అణిచేస్తుంది, తేడా ఉన్నదాన్ని 20 శాతమే.

1966లో రాబ్సన్, సదర్లాండ్, హారిస్ కుటుంబాల రక్తాన్ని పరిశీలించి, ఈ జన్యువు, రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీను జన్యువుతో కలిసి వారసత్వంగా వస్తోందని చూపారు. పొరుగెవరో తెలిసింది గానీ వీధి తెలియలేదు. 1984లో ట్రాన్స్‌ఫెరిన్ మూడో క్రోమోజోముపై తేలడంతో ఆ చిక్కు వీడింది. 1987లో ఆక్సానా లాక్రిడ్జ్ బృందం ఈ ఎంజైములోని 574 అమైనో ఆమ్లాల వరుసను పూర్తిగా చదివింది. అదే ఏడు ఇజ్రాయెల్‌లో హెర్మోనా సోరెక్ బృందం మూడో క్రోమోజోముపై రెండు చోట్ల, పదహారోదానిపై మరోచోట ఈ జన్యువు ఆనవాళ్లున్నాయంది. 1991లో ఆల్డర్‌డైస్ బృందం ఓపిగ్గా వెతికి ఒక్క చోటే ఖాయం చేసింది: మూడో క్రోమోజోము పొడుగు భుజం మీది 3క్యూ26.

ఆంధ్రదేశానికి ఈ కథలో ప్రత్యేక స్థానముంది. పనిచేయని జన్యురూపం ఇక్కడి వైశ్యుల్లో ఎక్కువని 1979లోనే రావు, గోపాలం ప్రకటించారు. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కారణం పట్టుకున్నారు: 307వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్. వైశ్యుల్లో ఇది ఇంత ఎక్కువగా ఉండడానికి మేనరికాలే కారణమనుకోవడం తొందరపాటు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకున్న సమూహమిదని 2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, జన్యుశాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందం కలిసి వెలువరించిన అధ్యయనంలో తేలింది.

కడప జిల్లాలో బంగారు అంగళ్లకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో ఈ వైశ్యులు, అంటే ఆర్యవైశ్యులు, ఉన్నారు. జమ్మలమడుగు, పులివెందుల బజార్లలోనూ ఆర్యవైశ్య కుటుంబాలున్నాయి. అలాంటి చోట ఆపరేషన్‌కు ముందు "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక తెలివి రావడం, ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా?" అన్న ప్రశ్నకు విలువెక్కువ. అవునంటే మత్తు డాక్టరు సక్సినైల్‌కోలిన్ పక్కనపెట్టి, ఈ ఎంజైముతో పనిలేని రోక్యూరోనియం అందుకోవచ్చు.