బీచ్ రోడ్డు మీద కురుసుర

ఆర్కే బీచ్‌కు వచ్చిన చుట్టాలకు మా విశాఖవాళ్లు చెప్పే మాట ఒకటుంది: ‘పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచింది ఇదే.’ కళ్లెదుట కురుసుర సబ్‌మెరైన్, నాలుగడుగుల దూరంలో 1971 యుద్ధ విజయ స్మారకం, ఆపైన ఘాజీ మీద 2017లో వచ్చిన సినిమా. మూడూ కలిసి జనం నోట ఒకే కథయిపోయాయి. కురుసుర అసలు సర్వీసు ఈ కథకు పూర్తిగా అటువైపు నడిచింది. నాకు అదే ఎక్కువ ఆసక్తి.

ఐఎన్ఎస్ కురుసుర 1969 డిసెంబర్ 18న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. మనకు అందిన తొలి సబ్‌మెరైన్ల వరసలో ఇది నాలుగోది. 1970 ఫిబ్రవరిలో బయల్దేరి, ఆఫ్రికాను చుట్టి ఇండియా చేరింది. సూయజ్ కాలువ అప్పటికి మూసి ఉంది మరి.

1971 నవంబర్‌లో దీన్ని పంపింది అరేబియా సముద్రంలోకి, పాకిస్తాన్ తీరం వైపు గస్తీకి. ఆజ్ఞ వస్తే తప్ప దాడి చేయకూడదని కట్టడి. నీళ్లకింద కాచుకుని కూర్చుంది, టార్పెడో వదలలేదు. డిసెంబర్ 3 సాయంత్రం యుద్ధం మొదలైంది, మర్నాడు కురుసుర బొంబాయి చేరింది. ఆ 3వ తేదీ అర్ధరాత్రి దాటాకే ఇక్కడ, మా రేవు ముందర, ఘాజీ పేలి మునిగింది. ఆ పేలుడుకు ఇళ్ల కిటికీలు అదిరాయని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే కారణమని మనవాళ్లు, ఘాజీ మందుపాతరలే పేలాయని పాకిస్తాన్‌వాళ్లు అంటారు. ఎవరి మాట నిజమైనా అందులో కురుసుర ప్రమేయం లేదు.

యుద్ధం తర్వాత దీని రోజులు ఏమంత గొప్పగా గడవలేదు. విడిభాగాల కొరత వచ్చింది. దీంట్లోవి ఊడదీసి తోటి సబ్‌మెరైన్‌కు బిగించారు. 1980 నుంచి 1982 దాకా సోవియట్ యూనియన్‌లో మరమ్మతు జరిగాక మళ్లీ పనికొచ్చింది. 2001 ఫిబ్రవరి 27న విరమణ పొందేనాటికి 31 ఏళ్లు, 73,500 నాటికల్ మైళ్లు. వీరగాథ కాదు, ఉద్యోగం.

ఆ తర్వాత దాన్ని ఒడ్డుకు లాగి ఇసుకలో నిలబెట్టడం మా ఊరికి పెద్ద వేడుకే. 91 మీటర్ల పొడవు, దాదాపు రెండు వేల టన్నుల బరువు. సుమారు అయిదున్నర కోట్లు ఖర్చయ్యాయి. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. అదే నెలాఖరులోగా జనాన్ని లోపలికి వదిలారు. ఇప్పుడు రోడ్డుకు అవతల టీయూ-142 విమానం కూడా మ్యూజియమైంది గానీ, నా ఓటు మాత్రం సబ్‌మెరైన్‌కే.

ముందు భాగంలో ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. ఆ టార్పెడోల పక్కనే నావికుల పడకలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలో ముందు కాలు పెట్టి, తల వంచి, నడుం మడిచి దూరాలి. కాస్త ఒళ్లున్నవాళ్లు అక్కడ ఆగితే వెనక వరసంతా ఆగిపోతుంది. తలపైన గొట్టాలు, చేతి పక్కన చక్రాలు, మీటర్లు, వాటి మీద రష్యన్ అక్షరాలు. ఈ ఇరుకులో 75 మంది బతికారు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు.

లోపల తిప్పి చూపించే గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. అందరూ వాళ్లను టార్పెడో ఎంత దూరం పోతుందనే అడుగుతారు. మీరు వెళ్తే స్నానం సంగతి అడగండి. మంచినీళ్లు తాగడానికి, వండుకోవడానికే కొలిచి వాడుకునే చోట స్నానమన్నది రేవు చేరాకే. డీజిల్ వాసన పట్టిన బట్టలతోనే వారాలు గడిపేసేవారు.