సముద్రం దగ్గర చవక గది: బ్లాక్‌పూల్ పూటకూళ్ళమ్మల కథ

గెస్ట్‌హౌస్‌ను తెలుగులో ఏమంటారు? మా అమ్మమ్మను ఫోన్‌లో అడిగితే ఒకటి కాదు, మూడు మాటలు చెప్పింది: సత్రం, విడిది, పూటకూళ్ళ ఇల్లు. మూడింటికీ తేడా ఉంది. సత్రం యాత్రికుల కోసం దాతలు కట్టించేది. విడిది పెళ్ళివారికో, ఊరికి వచ్చే పెద్దవాళ్ళకో ముందే సిద్ధం చేసి ఉంచే ఇల్లు. పూటకూళ్ళ ఇల్లు మాత్రం డబ్బు ఇచ్చి తినే చోటు. పూట అంటే రోజులో ఒక భాగం. కూడు అంటే అన్నం. పూటకు ఇంత అని తీసుకుని అన్నం పెట్టే ఆవిడ పూటకూళ్ళమ్మ. గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ నాటకంలో ఒక పూటకూళ్ళమ్మ ఉంది. ఆ నాటకం మొదట 1892లో ఆడారు, 1897లో అచ్చయింది.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, అక్టోబర్ సెలవుల్లో మేం బ్లాక్‌పూల్ వెళ్ళాలనుకుంటున్నాం. అది ఇంగ్లండ్ వాయవ్య తీరంలో, లాంకషైర్ ప్రాంతంలో ఉన్న ఊరు. నలుగురం, రెండు రాత్రులు, తక్కువ ఖర్చు. ఫోన్ చేసి ఏం అడగాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఎప్పుడు చవక? తిండి కలిపేనా? మెట్లు ఎన్ని? చరిత్ర పుస్తకాలు చదువుతుంటే అర్థమైంది ఏమిటంటే, ఈ మామూలు ప్రశ్నలన్నీ చాలా పాతవి. ఆ కాగితం మీద లేని ప్రశ్న కూడా ఒకటి ఉంది. దాన్ని చివరికి ఉంచాను.

ఎప్పుడు చవక?

మొదట్లో సముద్రం దగ్గర బస అంటే డబ్బున్నవాళ్ళ వ్యవహారం. గుర్రబ్బండిలో రావాలి, వారాల తరబడి ఉండాలి. 1846లో బ్లాక్‌పూల్‌కు రైలు వచ్చింది. అప్పటి నుంచి లాంకషైర్ నూలు మిల్లుల్లో పనిచేసేవాళ్ళు కూడా రాగలిగారు. 1863లో నార్త్ పియర్ కట్టారు. 1885లో ఎలక్ట్రిక్ ట్రామ్ మొదలైంది. 1894లో 158 మీటర్ల టవర్ తెరిచారు.

మిల్లు పనివాళ్ళకు సెలవు ఎప్పుడు దొరికేది? ‘వేక్స్ వీక్’ అనే వారంలో. వేక్ అంటే మేలుకుని ఉండడం. ఊరి చర్చి పండుగకు ముందు రాత్రి జాగారం చేసేవాళ్ళు, ఆ మాట అలా వచ్చింది. జాగారం పోయి, అది మన తిరనాళ్ళ లాంటి సంబరం అయింది. మిల్లులు వచ్చాక అదే వారంలో యంత్రాలు ఆపి, బాయిలర్లు శుభ్రం చేసేవాళ్ళు. కాబట్టి ఊరు ఊరంతా ఒకేసారి ఖాళీ. ఒక్కో ఊరికి ఒక్కో వారం. ఈ వారం ఓల్డ్‌హామ్ వాళ్ళు వస్తే, ఇంకో వారం బర్న్‌లీ వాళ్ళు. అందువల్ల బ్లాక్‌పూల్‌లో వేసవి అంతా గదులు నిండేవి.

ఆ వారానికి జీతం ఉండేది కాదు. అందుకే ఏడాది పొడుగునా వారానికి కొన్ని పెన్నీలు దాచుకునే సంఘాలు పెట్టుకున్నారు. మన చిట్టీల లాంటివే, కానీ పాట ఉండదు. అందరికీ డబ్బు ఒకేసారి, సెలవుకు ముందు చేతికి వస్తుంది. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. అది అందరికీ సెలవు తప్పనిసరి చేయలేదు. జీతాలు నిర్ణయించే బోర్డులకు, జీతంతో ఒక వారం సెలవు ఇప్పించే అధికారం ఇచ్చింది. తర్వాత యుద్ధం వచ్చింది. కాబట్టి చాలామంది ఆ సెలవును నిజంగా అనుభవించింది 1945 తర్వాతే.

మనవాళ్ళకూ ఈ కథతో ఒక సంబంధం ఉంది. ఆ మిల్లుల బట్టకు భారతదేశం చాలా పెద్ద మార్కెట్. అంతకుముందు కథ తిరగబడి ఉండేది: మచిలీపట్నం తీరం నుంచి అద్దకం బట్టలు ఇంగ్లండ్‌కు వెళ్ళేవి. వాటి దెబ్బకు తట్టుకోలేక 1700లో, 1721లో అక్కడి పార్లమెంటు అద్దకం నూలు బట్టలను అడ్డుకునే చట్టాలు చేసింది. తర్వాత మిల్లు బట్ట మన మగ్గాల మీదకు వచ్చింది. బ్లాక్‌పూల్ కోసం పెన్నీలు దాచుకున్నవాళ్ళు ఆ మిల్లుల్లోని కూలివాళ్ళే.

ఇప్పుడు ఆ మిల్లులు లేవు. గది ధరను నిర్ణయించేది బడి సెలవులు, వారాంతాలు, దీపాలు. దీపాలంటే సముద్రం ఒడ్డున రోడ్డు పొడుగునా వెలిగించే అలంకారం. 1879లోనే అక్కడ ఎనిమిది ఆర్క్ దీపాలు పెట్టి జనాన్ని రప్పించారు. ఇప్పుడు దీపాలు ఏటా వేసవి చివర మొదలవుతాయి, చలికాలం మొదలయ్యే వేళకు కూడా జనం వస్తూనే ఉంటారు. అందుకని మేం శుక్ర, శని రాత్రులు వదిలేసి, ఆది, సోమ రాత్రులు అడగబోతున్నాం.

తిండి కలిపేనా?

ఇక్కడే నాకు పూటకూళ్ళమ్మ మాట గుర్తొచ్చింది. బ్లాక్‌పూల్ బోర్డింగ్ హౌస్‌లను నడిపింది ఎక్కువగా ఆడవాళ్ళు. ఇంగ్లీషులో ల్యాండ్‌లేడీ అంటారు. చాలామంది ఆ మిల్లు ఊళ్ళ నుంచే వచ్చినవాళ్ళు. భర్త పోయినవాళ్ళు ఉన్నారు, పెళ్ళి కానివాళ్ళు ఉన్నారు, భర్త వేరే పనికి వెళ్తుంటే ఇల్లు నడిపినవాళ్ళు ఉన్నారు. ఆస్తి లేని ఆడదానికి సొంతంగా సంపాదించే దారులు తక్కువగా ఉన్న రోజుల్లో ఇది ఒక దారి. జాన్ వాల్టన్ అనే చరిత్రకారుడు 1978లో వీళ్ళ మీదే ఒక పుస్తకం రాశారు.

పాత పద్ధతి వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. మీరు పడకకు మాత్రమే డబ్బు ఇస్తారు. మాంసం, బంగాళాదుంపలు, టీ పొడి మీరే తెచ్చుకోవాలి. ల్యాండ్‌లేడీ వండి పెడుతుంది. అంటే ఇంట్లో ఆరు కుటుంబాలు ఉంటే, ఆరు కుటుంబాల కూరలు కలవకుండా విడివిడిగా వండాలి. ఉప్పు, మిరియాల పొడి, వెనిగర్ ఉన్న చిన్న స్టాండు బల్ల మీద పెట్టినందుకు వేరే డబ్బు. దీని మీద లాంకషైర్‌లో బోలెడు జోకులు ఉన్నాయి. జోకుల్లో ల్యాండ్‌లేడీ ఎప్పుడూ పిసినారే. కానీ లెక్క వేసి చూడండి. ఆమెకు సీజన్ కొన్ని నెలలే. ఆ నెలల సంపాదనతో ఏడాదంతా అద్దె కట్టాలి, బొగ్గు కొనాలి. రద్దీ వారాల్లో ఆమె పిల్లలు వంటగదిలోనో అటక మీదో పడుకునేవాళ్ళు, వాళ్ళ మంచాలు అతిథులకు ఇచ్చేసి.

తర్వాత మూడు పూటలా తిండి కలిపిన పద్ధతి వచ్చింది. ఆ తర్వాత పడక, పొద్దున టిఫిను మాత్రమే మిగిలాయి. పొద్దున తిన్నాక బయటికి వెళ్ళిపోవాలి, రాత్రి ఇన్ని గంటలకు తలుపు వేస్తారు లాంటి నియమాలు ఈ ఇళ్ళ గుర్తు. ఇప్పటి గదుల్లో తలుపు వెనక అంటించిన నియమాల కాగితం వాటికి మనవరాలు. మనలాంటివాళ్ళు ఫోన్‌లో అడగాల్సింది: టిఫిను ధరలో కలిసే ఉందా? మాంసం, గుడ్డు లేకుండా ఏం పెడతారు? గదిలో కెటిల్ ఉందా? కెటిల్ ఉంటే ఉప్మా కప్పులతో ఒక పూట గడిచిపోతుంది.

మెట్లు ఎన్ని?

ఈ ఇళ్ళు సన్నగా, ఎత్తుగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ముందు వైపు కిటికీ బయటికి పొడుచుకుని వచ్చి ఉంటుంది, పక్కకు చూస్తే సముద్రం ముక్క కనిపించేలా. లిఫ్టు సాధారణంగా ఉండదు. చవక గది పై అంతస్తులో ఉండడం మామూలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వస్తుంటే ఈ ప్రశ్న ముందు అడగాలి.

వరండాలో వాటంతట అవే మూసుకునే బరువైన తలుపులు కనిపిస్తాయి. 1971లో అగ్ని ప్రమాదాల నివారణ చట్టం వచ్చింది. ఆరుగురి కంటే ఎక్కువమందికి పడకలున్న హోటళ్ళు, బోర్డింగ్ హౌస్‌లు దాని కింద సర్టిఫికెట్ తీసుకోవాల్సి వచ్చింది. చిన్న ఇళ్ళకు అది పెద్ద ఖర్చు. సరిగ్గా అదే కాలంలో జనం విమానం ఎక్కి స్పెయిన్‌కు వెళ్ళడం మొదలుపెట్టారు. ఎండ గ్యారంటీ, ఖర్చు కూడా అందుబాటులోనే. బ్లాక్‌పూల్‌లో చాలా గెస్ట్‌హౌస్‌లు మూతపడ్డాయి. కొన్ని ఒక్కో గదిని ఒక్కొక్కరికి అద్దెకిచ్చే ఇళ్ళుగా మారాయి. 2019 ప్రభుత్వ లెక్కల్లో ఇంగ్లండ్‌లో అత్యంత వెనకబడిన ప్రాంతాల్లో బ్లాక్‌పూల్ ఒకటి. మనకు రెండు రాత్రుల చవక గది, పక్క ఇంట్లో ఇంకొకరికి ఏడాదంతా ఉండే ఇల్లు కావచ్చు. ఆ వీధుల్లో నడిచేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

కాగితం మీద లేని ప్రశ్న

మాకు గది ఇస్తారా? మేం ఫోన్‌లో ఈ ప్రశ్న అడగం. అడగాల్సిన అవసరం రాకపోవడానికే చాలా ఏళ్ళు పట్టింది.

లియరీ కాన్‌స్టంటైన్ ట్రినిడాడ్ నుంచి వచ్చిన గొప్ప క్రికెటర్. నల్లజాతి మనిషి. 1929లో లాంకషైర్‌లోని నెల్సన్ అనే మిల్లు ఊరి క్లబ్బుకు ఆడడానికి వచ్చి, అక్కడే చాలా ఏళ్ళు ఉన్నారు. 1943లో లార్డ్స్‌లో ఆట కోసం లండన్ వెళ్ళి, భార్యతో, కూతురితో ఇంపీరియల్ హోటల్‌లో దిగారు. నాలుగు రాత్రులకు ముందే గదులు మాట్లాడుకున్నారు. ఒక్క రాత్రే ఉండనిస్తామన్నారు, కారణం ఆయన రంగు. ఆయన కోర్టుకు వెళ్ళి 1944లో గెలిచారు. పరిహారం ఐదు గినీలు, అంటే ఐదు పౌండ్ల పైన ఐదు షిల్లింగులు.

ఆయన గెలిచింది జాతి వివక్ష చట్టం వల్ల కాదు. అప్పుడు అలాంటి చట్టమే లేదు. ఒక పాత నియమం ఆయనకు పనికొచ్చింది: ప్రయాణికుల కోసం హోటల్ నడిపేవాడు, డబ్బు ఇవ్వగలిగిన ప్రయాణికుడిని కారణం లేకుండా వెళ్ళగొట్టకూడదు. కానీ ఆ నియమం బోర్డింగ్ హౌస్‌కు వర్తించదు. బోర్డింగ్ హౌస్ యజమాని తనకు నచ్చినవాళ్ళనే ఎంచుకోవచ్చు.

1965లో మొదటి జాతి సంబంధాల చట్టం వచ్చింది. హోటళ్ళలో, రెస్టారెంట్లలో, సినిమా హాళ్ళలో రంగు చూసి వద్దనకూడదు అంది. అయితే హోటల్ అన్న మాటకు ఆ పాత అర్థాన్నే తీసుకుంది. బోర్డింగ్ హౌస్ మళ్ళీ బయటే ఉండిపోయింది. 1968 చట్టంలో గాని ‘బోర్డింగ్ హౌస్’ అన్న మాట చేరలేదు. అప్పుడు కూడా, యజమాని అదే ఇంట్లో ఉంటూ అతిథులతో ఇల్లు పంచుకునే చాలా చిన్న చోట్లకు మినహాయింపు ఇచ్చారు.

ఈ మూడు మెట్లనూ కలిపి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. గది ఎంత చవకైతే, దాని తలుపు దగ్గర హక్కు అంత ఆలస్యంగా వచ్చింది. 1960లలో గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు ఇక్కడి ఆసుపత్రుల్లో పనికి వచ్చారు. వాళ్ళలో ఒకరు 1966లో పిల్లలకు సముద్రం చూపించాలనుకున్నారని ఊహించండి. ఖరీదైన హోటల్ వద్దంటే అది చట్టవిరుద్ధం. జేబుకు సరిపోయే బోర్డింగ్ హౌస్ వద్దంటే చట్టం ఏమీ చేయలేదు. అందరు ల్యాండ్‌లేడీలూ వద్దన్నారని కాదు. కానీ తలుపు తట్టేవాళ్ళకు ముందుగా తెలియదు. ఉదయం వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చేస్తే, ఆ ప్రశ్న అడిగే పనే లేదు.

ఇల్లు కూడా, వ్యాపారం కూడా అయిన చోట ఎవరి మాట నెగ్గాలి అన్న గొడవ తర్వాత కూడా సాగింది. కార్న్‌వాల్ తీరంలో ఒక చిన్న హోటల్ యజమానులు స్వలింగ జంటకు గది ఇవ్వనన్నారు. 2013లో సుప్రీం కోర్టు ఆ జంట పక్షానే తీర్పు చెప్పింది. డబ్బు తీసుకుని తలుపు తెరిచాక, ఎవరికి తెరవాలో ఇష్టం వచ్చినట్టు ఎంచుకోవడం కుదరదు.

ఇప్పుడు గెస్ట్‌హౌస్‌లో దిగగానే ఒక పుస్తకంలో పేరు, జాతీయత రాయమంటారు. మనల్ని చూసి అడుగుతున్నారేమో అనిపించవచ్చు. కాదు. 1972 ఆదేశం ప్రకారం 16 ఏళ్ళు దాటిన ప్రతి అతిథీ అది రాయాలి, తెల్లవాళ్ళు కూడా.

ఈసారి మాటలు

బస: కొన్నాళ్ళు ఉండే చోటు. ‘మీ బస ఎక్కడ?’
దిగడం: ఒక చోట బస చేయడం కూడా. ‘హోటల్‌లో దిగాం.’
బయానా: గది మాట్లాడుకునేటప్పుడు ముందుగా ఇచ్చే కొంత డబ్బు.
జాగారం: రాత్రంతా నిద్రపోకుండా ఉండడం.
గాని: ‘1968లో గాని రాలేదు’ అంటే 1968 వరకూ రాలేదు, అప్పుడే వచ్చింది అని.

చివరగా ఒక పని. మీ ఇంట్లో మొదట ఈ దేశానికి వచ్చిన పెద్దవాళ్ళను తెలుగులో అడగండి: ‘మీరు మొదటిసారి సముద్రం దగ్గర రాత్రి ఎక్కడ ఉన్నారు? గది ఎలా దొరికింది?’ ఉండలేదు అని చెప్తే, ఎందుకో కూడా అడగండి. వాళ్ళు చెప్పిన మాటల్లోనే ఐదు వాక్యాలు రాసి పెట్టుకోండి.