రాజులు కొనని రాజరథం

1987 నవంబరులో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్ కిక్కిరిసిపోయింది. కచేరీలకు పేరుపడ్డ ఆ హాలులో ఆ రోజు పాట పాడింది గాయకులు కాదు, పాటదారులు. క్రిస్టీస్ సంస్థ వేలానికి తెచ్చిన కార్లలో అందరి కళ్లూ ఒక్కదాని మీదే ఉన్నాయి. అది బుగాటి రొయాల్. పాట 55 లక్షల పౌండ్ల దగ్గర ఆగింది. అప్పటి మారకంలో ఇంచుమించు 98 లక్షల డాలర్లు. అంతకుముందు ఏ కారుకూ వేలంలో అంత ధర పలకలేదు. కొన్నవాడు స్వీడన్‌కు చెందిన స్థిరాస్తి వ్యాపారి హాన్స్ తులిన్.

ఎత్తోరే బుగాటి 1920ల చివర ఈ కారును రాజుల కోసమే తలపెట్టాడు. 12.7 లీటర్ల ఇంజను, ఆరు మీటర్లు దాటిన పొడవు. పాతిక కార్లు చేద్దామనుకున్నాడు. అంతలో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. చివరికి తయారైనవి ఆరు, బయటివాళ్లు కొన్నవి మూడు. ఆ ముగ్గురిలో ఒక్క రాజూ లేడు. స్పెయిన్ రాజు అల్ఫోన్సో కొంటాడని ఆశపడితే 1931లో ఆయన సింహాసనమే పోయింది. మిగిలిపోయిన ఇంజన్లను బుగాటి రైలుబండ్లకు బిగించి సొమ్ము చేసుకున్నాడు.

రాజులు కొనని ఆ రాజరథాన్ని అరవై ఏళ్ల తర్వాత ఇళ్లూ స్థలాలూ అమ్మే వ్యాపారి ఎగరేసుకుపోయాడు. పాత కార్ల వేలాల చరిత్ర తిరగేస్తే ఇలాంటివే కనిపిస్తాయి. రికార్డు ధర పలికిన ప్రతిసారీ, ఆ కాలంలో కొత్తగా డబ్బు ఎవరి చేతికి వచ్చిందో బయటపడుతుంది.

మొదట్లో పాత కారంటే పాత ఇనుమే. మోజుపడి దాచుకునేవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో వెటరన్ కార్ క్లబ్ 1930లోనే పుట్టింది. అయితే ఆ మోజుకు పెద్దగా ఖర్చయ్యేది కాదు. జర్మన్ వైద్యుడొకడు కొనుక్కున్న రొయాల్ షాంఘై మీదుగా న్యూయార్క్ చేరి తుక్కుకొట్టులో పడింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జనరల్ మోటార్స్ ఇంజనీరు చార్లెస్ చేన్ దాన్ని సుమారు 400 డాలర్లకు విడిపించుకున్నాడు. ఇప్పుడది హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. అమెరికన్ క్రీడాకారుడు బ్రిగ్స్ కన్నింగ్‌హామ్‌ది ఇంకా చోద్యం. 1950లో ఆయన బుగాటి కుటుంబం దగ్గర రెండు రొయాల్‌లు కొన్నాడు. యుద్ధంలో జర్మన్ల కంటపడకుండా గోడ కట్టి దాచిన కార్లవి. కొద్దిపాటి డబ్బుతో పాటు కొత్త ఫ్రిజ్‌లు కూడా ఇచ్చి బేరం కుదుర్చుకున్నాడని ప్రసిద్ధి. యుద్ధంతో చితికిన ఫ్రాన్సులో అప్పుడు ఫ్రిజ్ దొరకడమే కష్టం. ఆల్బర్ట్ హాల్‌లో 55 లక్షల పౌండ్లు పలికింది ఆ రెంటిలో ఒకటే.

ఫెరారీ 250 జీటీవో కథా అలాంటిదే. 1962 నుంచి 1964 దాకా చేసినవి మూడు డజన్ల పైచిలుకు మాత్రమే. అమెరికాలో కొత్తదాని ధర 18 వేల డాలర్ల దరిదాపుల్లో ఉండేది. డబ్బుంటే చాలదు, కొనేవాడు ఎంజో ఫెరారీకి నచ్చాలి కూడా. కానీ పందెపు కారు బతుకు రెండు మూడేళ్లే. కొత్త కారు రాగానే పాతది చవకబడుతుంది. ఒక జీటీవో టెక్సస్‌లో ఒక పాఠశాలకు దానంగా వెళ్లింది. 1972లో ఆ బడి దాన్ని 6,500 డాలర్లకు అమ్మేసింది. కొన్నాయన ఒహాయోలో ట్రెయిలర్ మీద ఆరుబయటే ఏళ్ల తరబడి ఉంచేశాడు. ఎండకు ఎండింది, వానకు తడిసింది. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ 1970ల చివర్లో తన జీటీవోను కొన్నది సుమారు 37 వేల పౌండ్లకు.

ఈ మోజు బజారుకెక్కింది 1970లలో. 1971లో ఇండియానా రాష్ట్రంలోని ఆబర్న్‌లోనూ, అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లోనూ కార్ల వేలాలు మొదలయ్యాయి. రెండోదే నేటి బారెట్-జాక్సన్. కాలిఫోర్నియా తీరంలో పెబుల్ బీచ్ కార్ల అందాల పోటీ 1950 నుంచే నడుస్తోంది. తర్వాత్తర్వాత దాని చుట్టూ మాంటెరీలో ఆగస్టు వేలాలు అల్లుకున్నాయి. అందాల పోటీ, పందేలు, వేలం ఒకే వారంలో. మన జాతర్లలో దేవుడి ఊరేగింపూ, ఎడ్ల పందేలూ, సంతా కలిసిపోయినట్టే.

పెద్ద ధరలకు దారి వేసింది ఒక చావు. నెవాడాలో కాసినోల అధిపతి బిల్ హారా పద్నాలుగు వందల దాకా కార్లు పోగేసి 1978లో కన్నుమూశాడు. ఆయన సంస్థ హాలిడే ఇన్ చేతికి పోయింది. హోటళ్లు నడిపేవాళ్లకు అన్ని కార్లెందుకు? 1984 నుంచి మూడేళ్లు వరుసగా వేలం వేశారు. 1986లో కన్నింగ్‌హామ్ ఫ్రిజ్‌ల బేరంలోని రెండో రొయాల్ పాటకు వచ్చింది. టెక్సస్ స్థిరాస్తి వ్యాపారి 65 లక్షల డాలర్లకు కొన్నాడు. ఏడాది తిరక్కుండానే డామినోస్ పిజ్జా స్థాపకుడు టామ్ మొనాగన్ దాన్ని 81 లక్షలకు కొనుక్కున్నాడు. కాసినో డబ్బు, స్థలాల డబ్బు, పిజ్జా డబ్బు ఒకే కారు మీదుగా నడిచివెళ్లాయి.

అంతకు ముందు ఏడాదే ఇంకో వింత జరిగింది. జాన్ లెనన్ రోల్స్‌రాయిస్ ఫాంటమ్ ఫైవ్‌ను సదబీస్ 1985లో న్యూయార్క్‌లో వేలం వేసింది. పసుపు రంగు మీద పువ్వులూ చుట్టలూ పులిమిన బండి అది. రెండు మూడు లక్షల డాలర్లు రావచ్చని అంచనా. కెనడా వ్యాపారి జిమ్ ప్యాటిసన్ ఏకంగా 22 లక్షల 99 వేల డాలర్లకు పాడాడు. ఇంజనూ బాడీ చూసి లెక్కగట్టే రోజులు పోయాయనీ, ఎవరు ఎక్కి తిరిగారన్నదానికీ ఒక ధర ఉంటుందనీ వ్యాపారులకు ఆ రోజు తెలిసింది.

1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయాడు. ఆయన చెయ్యి పడ్డ కారు ఇక రాదన్న మాట ఒక వైపు, జపాన్‌లో స్థలాలూ షేర్లూ పొంగిన డబ్బు ఇంకో వైపు. రెండూ కలిసి ఫెరారీల ధరల్ని ఆకాశానికెత్తాయి. జీటీవో కోటి డాలర్లు దాటింది. కారును చూడకుండా ఫోటో మీదే బేరాలాడిన రోజులవి. 1990లో జపాన్ బుడగ పగిలింది. అయిదారేళ్లలో జీటీవో 30 లక్షల దరిదాపులకు దిగింది. తులిన్ ఆస్తులు కుదేలై రొయాల్‌ను వదులుకోవాల్సి వచ్చింది. మొనాగన్‌ది వేరే దారి. గర్వం గురించి సి.ఎస్. లూయిస్ రాసింది చదివి, ఆడంబరం అనిపించినవన్నీ వదిలించుకున్నాడు. రొయాల్ కూడా అలాగే పోయింది. కారు మాత్రం చెక్కుచెదరలేదు. చేతులు మారాయంతే.

ఇంతకీ వేలం గదిలో ఏం జరుగుతుంది? మన ఊళ్లో చెరువు చేపలకో కొబ్బరితోటకో పాట పెట్టినప్పుడు “సర్కారువారి పాట” ముందుగానే అందరికీ వినబడుతుంది. కార్ల వేలంలో అమ్మేవాడి కనీస ధర గుట్టుగా ఉంటుంది. అది చేరేదాకా, లేని పాటను ఉన్నట్టు గది మూలకు చూస్తూ పలకడం వేలంవేసేవాడి వృత్తిలో భాగమే. సుత్తి పడ్డాక కొన్నవాడు సంస్థకు పదో పన్నెండో శాతం అదనంగా చెల్లించాలి. పేపర్లో మనం చూసే ధరలో సాధారణంగా అదీ కలిసి ఉంటుంది. పెద్ద పాటదారులు చాలామంది గదిలోనే ఉండరు. ఎవరో ఫోను పట్టుకుని వాళ్ల తరఫున చెయ్యెత్తుతారు.

బాడీ కన్నా ముందు చూసేది కాగితాలు. ఛాసిస్ నంబరు అసలుదేనా, ఇంజను పుట్టినప్పుడు బిగించిందేనా, ఏ పందెంలో ఎవరు నడిపారు? కొత్త రంగు వేస్తే ధర పెరుగుతుందన్న లెక్క కూడా తలకిందులైంది. 2015లో పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ సంస్థ బయ్యోఁ కుటుంబం కార్లను అమ్మింది. పశ్చిమ ఫ్రాన్సు పల్లెలో షెడ్ల కింద అర్ధశతాబ్దం మగ్గినవి అరవై దాకా. వాటిలో పాత పత్రికల గుట్టకింద దొరికిన ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్‌లో ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ తిరిగాడు. దుమ్ము కూడా దులపకుండా తెచ్చిన ఆ కారు 1 కోటి 63 లక్షల యూరోలు పలికింది. ఆ దుమ్మే దాని సర్టిఫికెట్.

పాట వేడిలో సంఖ్యలకు అర్థం ఎంత చప్పున జారిపోతుందో 2019లో మాంటెరీలో తేలింది. ఫెర్డినాండ్ పోర్షే కాలం నాటి టైప్ 64 పాటకు వచ్చింది. వేలంవేసేవాడు ‘థర్టీన్’ అంటే తెర మీద ‘థర్టీ’ పడింది. అక్కడి నుంచి తెర మీద అంకె ఎగురుకుంటూ 7 కోట్ల డాలర్లకు చేరింది. జనం లేచి ఫోన్లతో వీడియోలు తీశారు. అంతలో అసలు పాట 1 కోటి 70 లక్షలేనని దిద్దారు. హాలంతా గోల. కారు అమ్ముడుపోనేలేదు. 13కూ 30కీ మధ్య ఉచ్చారణ జారితే పట్టుకునే నాథుడు లేకపోయాడు. ఎందుకంటే ఆ గదిలో ఏ ధరా నమ్మలేనిదిగా తోచదు.

నవ్వుకోబోయే ముందు బాలాపూర్ గుర్తు చేసుకుందాం. 1994లో 450 రూపాయలకు పాడిన గణేశుడి లడ్డూ 2024లో 30 లక్షల ఒక వెయ్యికి పోయింది. పాడినవాడు పదిమందిలో పేరు చెప్పించుకుంటాడు. కార్ల పాటదారుల్లో పెద్దవాళ్లు పేరు దాచుకుంటారు. దాచుకున్నా తమ తోటివాళ్లకు తెలియాల్సింది తెలిసిపోతుంది.

2008 సంక్షోభం తర్వాత బ్యాంకు వడ్డీలు నేలకు దిగాయి. డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియని ధనికులు బొమ్మల్లోనూ కార్లలోనూ పెట్టారు. ఆ తర్వాతి మెట్లు జీటీవోలతోనే కొలవాలి. 2014లో ఒకటి 3 కోట్ల 81 లక్షల డాలర్లు, 2018లో ఇంకొకటి 4 కోట్ల 84 లక్షలు. 2018లో అమ్మినాయన మైక్రోసాఫ్ట్ తొలితరం ఉద్యోగి గ్రెగ్ విటెన్. 2023లో న్యూయార్క్‌లో మరొకటి 5 కోట్ల 17 లక్షలు. ట్రెయిలర్ మీద వానకు తడిసినదీ ఇదే వంశం.

జీటీవోలన్నింటినీ దాటేసిన పాట 2022 మే 5న జరిగింది. చోటు ష్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియం. కారు 1955 నాటి 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే. ధర 13 కోట్ల 50 లక్షల యూరోలు. మన లెక్కలో వెయ్యి కోట్ల రూపాయల పైమాటే. రెండే చేశారు, రెండూ ఏనాడూ పందెంలో దిగలేదు. 1955 జూన్‌లో ల మాన్ పందెంలో మెర్సిడెస్ కారొకటి జనంలోకి దూసుకుపోయి ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివర కంపెనీ పందేల నుంచి తప్పుకుంది. దాంతో ఈ కూపే చీఫ్ ఇంజనీరు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ రోజువారీ బండిగా మిగిలింది. ఈ వేలానికి పిలుపు అందినవాళ్లే రావాలి. ఎవరి చేతికి పోవాలో కంపెనీ ముందే వడపోసింది. వచ్చిన సొమ్ము విద్యార్థుల పర్యావరణ పరిశోధనల నిధికి వెళ్లింది. ఒకప్పుడు ఎంజో ఫెరారీ కొనేవాణ్ణి ఎంచుకున్న పద్ధతే మళ్లీ వచ్చింది, వేలం వేషంలో.

తరాలు మారేకొద్దీ మోజూ మారుతోంది. మనిషి చేతిలో డబ్బు ఆడేనాటికి కొనేది పదిహేనేళ్ల వయసులో గోడకు అంటించుకున్న బొమ్మనే. యుద్ధానికి ముందు కార్లను చూసి పెరిగినవాళ్లు తగ్గిపోతున్నారు. 1980, 90ల కార్ల వంతు వచ్చింది. 2021లో పెబుల్ బీచ్‌లో ఒక మెక్‌లారెన్ ఎఫ్‌1 2 కోట్ల 4 లక్షల డాలర్లు పలికింది. 1995లో చేసిన ఆ కారు పాతికేళ్లలో తిరిగింది 400 కిలోమీటర్ల లోపే. హైదరాబాద్ నుంచి తిరుపతికి కూడా చాలదు.

తిరగని కారంటే మనకూ ఒకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్‌రాయిస్‌కు పసుపుపచ్చని సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఆర్డరిచ్చాడు. వెనక సింహాసనంలాంటి ఆసనం. 1911లో ఆయన పోయాక ఆ కారు వచ్చి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు చెందింది. దశాబ్దాల తరబడి 600 కిలోమీటర్లు కూడా తిరగలేదంటారు. 1971లో రాజభరణాలు రద్దయ్యే నాటికే దేశంలో ఎన్నో సంస్థానాల గ్యారేజీలు ఖాళీ అవుతూ వచ్చాయి. విదేశాల వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయిన కార్లు తర్వాత అక్కడి వేలాల్లో తేలాయి. ఈ పచ్చబండి మాత్రం చౌమహల్లా ప్యాలెస్‌లో ఉండిపోయింది.

రొయాల్‌ను రాజుల కోసం చేస్తే రాజెవరూ కొనలేదు. దీన్ని నిజంగానే ఒక రాజు చేయించుకుని ఎక్కకుండానే పోయాడు. ఆదివారాలు పాతబస్తీకి వచ్చిన పిల్లలు టికెట్టు కొని దాని ముందు నిలబడతారు. దీని ధరెంత అని వాళ్లడిగితే తండ్రుల దగ్గర జవాబుండదు. పాట పెట్టి చూసినవాడు లేడు గదా!