అరసవల్లి సూర్యుడును ఆరుద్రకార్తెయు

శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లిలో ఏటేట మార్చి రెండవ వారమునను, అక్టోబరు తొలిదినములలోను, ఉదయభానుని కిరణములు గాలిగోపురమును, అనివెట్టి మండపమును దాటి సూర్యనారాయణమూర్తి పాదములను స్పృశించును. ఆ సూర్యుని గమనమునే వంశధారా నాగావళీ చంపావతీ తీరముల కర్షకులు వేరొక కొలతతో కొలిచిరి. ఇరువదియేడు నక్షత్రములలో ఒక్కొక్కదానియందు సూర్యుడు నిలుచు పదుమూడు పదునాలుగు దినములే వారికి కార్తె.

రోహిణి ఎండకు రోళ్లు పగులుననియు, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యము లేదనియు పెద్దలు చెప్పిన మాటలలో వర్షాధార సేద్యపు ఆశానిరాశలు రెండును గలవు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అనుటలోనో, ఒక చరిత్రయే యున్నది: సెప్టెంబరు నడుమ వచ్చు ఉత్తరకార్తె నాటికిని చెరువు నిండనిచో పైరుపై ఆశ వదలుకొని గంప నెత్తికెత్తుకొనుటయే గతి. ఒకనాడు కళింగపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి రంగూనుకు పొగయోడ లెక్కిన కూలిజనుల బ్రతుకు ఈ నాలుగు మాటలకు వ్యాఖ్యానము.

"దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అను సామెత వేరొక జాతిది; ఇందు గుడి యనగా చంద్రుని చుట్టు కనబడు వలయము. చంద్రుని చుట్టును విశాలముగా ఏర్పడు వలయము, మిక్కిలి ఎత్తున పలుచగా పరచుకొన్న మేఘములలోని మంచు స్ఫటికములు వెన్నెలను వంచుటచే కలుగును. బంగాళాఖాతమున వాయుగుండము బలపడునపుడు అట్టి మేఘములు దానికి వందల కిలోమీటర్ల ముందుగా నడచును. చంద్రుని అంటియుండు చిన్న వలయము పలుచని మబ్బులోని నీటి తుంపరలదే గాని గాలివాన రాకను తెలుపునది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస చెంత తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చిన తిత్లీ, ఈ రెండు తుపానులును చిత్తకార్తె ప్రవేశించిన దినములలోనే వచ్చినవి.

అయితే ఆకాశలక్షణమును జూచి చెప్పిన మాటకు ముదిమి లేదు, కార్తెను నమ్మి చెప్పిన మాటకు గలదు. అయనచలనము వలన కార్తెలు ఋతువులతో పోల్చినపుడు సుమారు 71 సంవత్సరముల కొక దినము చొప్పున వెనుకబడుచున్నవి; వేయేండ్లకు అది ఇంచుమించు ఒక పూర్తి కార్తె. ముఖలింగమున గాంగు లేలిన నాటి ఆరుద్ర, నేటి మృగశిర వచ్చు దినములలోనే వచ్చెడిది. అరసవల్లి కిరణములు మాత్రము నక్షత్రమును గాక సూర్యుని ఉత్తర దక్షిణ గమనమును అనుసరించుటచే ఋతువును తప్పవు.

కావున సామెతను త్రోసివేయరాదు, పరీక్షింపకయు విడువరాదు. 1840లో విశాఖపట్టణమున గోడే వేంకట జగ్గారావు స్థాపించిన వేధశాలను ఆయన అల్లుడు అంకితము వేంకట నరసింగరావు పెంపొందింపగా, అచ్చట గ్రహతారకలతోపాటు వాతావరణమును గూడ లెక్కగట్టిరి. మన పల్లె బడుల పిల్లలు సైతము వానమాపకమును జూచి కార్తె కార్తెకు కురిసిన వానను వ్రాసి, దాని ప్రక్కన తాతలు చెప్పు సామెతను వ్రాసికొన్నచో, పెద్దలు కన్నులతో చేసిన శాస్త్రమును మనము కొనసాగించినవార మగుదుము.