చదివింది మూడు వాక్యాల్లో చెప్పడం: సైన్సు గద్యాలతో సారాంశ సాధన



పోయిన సంవత్సరం ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి చేత వేరుశనగ మీద చిన్న గద్యం చదివించాను. ఎక్కడా తడబడలేదు. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గా పలికింది. పుస్తకం మూయించి "ఏం అర్థమైందమ్మా?" అని అడిగితే, "చెనక్కాయలు వేర్లకు కాస్తాయి సార్" అనింది. గద్యంలో మొదటి వాక్యమే కాయ వేరుకు కాయదని చెప్తోంది! నేను తప్పని చెప్పలేదు. "ఇంటికి పోయి మీ అవ్వకు ఇదే మాట చెప్పు" అన్నాను. మరుసటి రోజు నవ్వుకుంటూ వచ్చింది. "ఊడ దిగకుండా కాయ యాడిదే అని మా అవ్వ నవ్వింది సార్" అనింది. తర్వాత తనే గద్యం మళ్లీ తెరిచి చదువుకుంది.

ఆ అవ్వకు చదువు రాదు. అయినా మనవరాలికి చదివింది అర్థం కాలేదని ఒక్క నిమిషంలో పట్టేసింది. మన పావగడ తాలూకాలో చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుగు మాట్లాడడం వస్తుంది కానీ చదవడం రాదు. కొందరు కన్నడం మాత్రమే చదవగలరు. "మాకు చదువు రాదు, పిల్లలకు ఏం చెప్పగలం?" అని బాధపడే తల్లిదండ్రులు ఈ వ్యాసాన్ని పిల్లల చేత చదివించుకుని వినాలని మనవి.

చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు

పిల్లలు తప్పు చెప్పడానికి ఎప్పుడూ కష్టమైన పదాలే కారణం కాదు. ముందే మనసులో ఉన్న మాట, పుస్తకంలో ఉన్న మాటను మింగేస్తుంది. 'వేరుశనగ' అనే పేరులో వేరు ఉంది కాబట్టి వేరుకే కాస్తుందని ఆ అమ్మాయి ముందే అనుకుంది. కళ్లు పేజీ మీద ఉన్నాయి, మనసు పాత మాట దగ్గరే ఉంది. ఇలాంటి పొరపాటు గట్టిగా చదివిస్తే బయటపడదు. గద్యం కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు రాయిస్తే కూడా చాలాసార్లు బయటపడదు, ఎందుకంటే ప్రశ్నలోని పదాన్ని గద్యంలో వెతికి ఆ వాక్యం ఎత్తి రాసేస్తారు. పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పమన్నప్పుడే బయటపడుతుంది. దీన్నే మనం సారాంశం అంటాం. కన్నడంలో కూడా ఇదే మాట.

ఈ విషయం మీద ప్రసిద్ధమైన పరిశోధనలే ఉన్నాయి. 1983లో అమెరికాలో ఆన్ బ్రౌన్, జీన్ డే అనే ఇద్దరు పిల్లలు సారాంశం ఎలా రాస్తారో పరిశీలించారు. చిన్న తరగతుల పిల్లలు వరుసగా చదువుతూ కొన్ని వాక్యాలు వదిలేసి, మిగతావి ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాస్తారని గమనించారు. మన పిల్లలు చేసేదీ అదే. ఇది పిల్లల తెలివితక్కువతనం కాదు, నేర్పితే వచ్చే పని మనం నేర్పకపోవడం.

మొదటి గద్యం: వేరుశనగ

"వేరుశనగ పేరులో వేరు ఉంది కానీ కాయ వేరుకు కాయదు. విత్తిన సుమారు నెల రోజులకు ఆకుల మొదళ్ల దగ్గర చిన్న పసుపు పూలు పూస్తాయి. పువ్వు వాడిపోయాక దాని అడుగు నుంచి సన్నని కాడ ఒకటి కిందికి పెరుగుతుంది. దీన్ని ఊడ అంటారు. ఊడ మట్టిలోకి దిగాక దాని కొన ఉబ్బి కాయగా మారుతుంది. ఆ సమయంలో నేల గట్టిపడితే ఊడలు దిగవు, దిగుబడి తగ్గుతుంది. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది. రైతులు పూత, ఊడల సమయంలో జిప్సం వేసేది ఇందుకే."

ఎక్కువమంది పిల్లలు రాసే సారాంశం ఇలా ఉంటుంది: "వేరుశనగ పేరులో వేరు ఉంది. చిన్న పసుపు పూలు పూస్తాయి. దీన్ని ఊడ అంటారు. రైతులు జిప్సం వేసేది ఇందుకే."

నాలుగు వాక్యాలూ గద్యంలో ఉన్నవే. కానీ 'దీన్ని' అంటే దేన్ని? పువ్వునా? 'ఇందుకే' అంటే ఎందుకు? వినేవాళ్లకు ఏమీ తెలియదు. ఇప్పుడు దీన్ని చూడండి:

"వేరుశనగ కాయ వేరుకు కాదు, పువ్వు నుంచి మట్టిలోకి దిగే ఊడ కొనకు కాస్తుంది. అందువల్ల ఊడలు దిగే సమయంలో నేల మెత్తగా ఉండాలి. కాయ కాల్షియాన్ని మట్టి నుంచే తీసుకుంటుంది కాబట్టి అప్పుడు జిప్సం వేస్తారు."

పూల రంగు పోయింది, నష్టం లేదు. ఊడ, 'అందువల్ల', 'కాబట్టి' మిగిలాయి. సైన్సు గద్యంలో ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అనే రెండూ మిగలాలి. 'నేల గట్టిపడితే ఊడలు దిగవు' అనే వాక్యం 'నేల మెత్తగా ఉండాలి' అని మారడం కూడా గమనించండి. అర్థమైనవాళ్లే మాటను అలా తిప్పి చెప్పగలరు.

సాధన చేసే పద్ధతి

1. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చదవండి. తర్వాత రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది దేని గురించి? దాని గురించి ఏం చెప్తున్నారు? మొదటిదానికి ఒక్క మాటలో, రెండోదానికి ఒక్క వాక్యంలో జవాబు రావాలి.

2. రెండోసారి చదివేటప్పుడు వాక్యాలకు అంకెలు వేయండి. ఒక్కో వాక్యాన్ని వేలితో మూసి, "ఇది లేకపోతే మిగతాది అర్థమవుతుందా?" అని అడగండి. అర్థమైతే దాన్ని వదలవచ్చు. కాకపోతే దాని కింద గీత గీయండి.

3. జాబితా ఉంటే ఒక్క మాటగా చేయండి. 'జొన్న, సజ్జ, రాగి, కొర్ర' అని ఉంటే 'చిరుధాన్యాలు' అంటే చాలు. 'నక్క, తోడేలు, కృష్ణజింక, కుందేలు' అని ఉంటే 'అడవి జంతువులు' అనండి.

4. పుస్తకం మూసి ఎవరికైనా నోటితో చెప్పండి. రాయడానికి ముందు చెప్పడం తప్పనిసరి. ఇంటి భాషలోనే చెప్పండి, చెనక్కాయ అన్నా పరవాలేదు. పుస్తకం మాటలు రాసేటప్పుడు వస్తాయి.

5. చూడకుండా రాయండి. ఎనిమిది, పది వాక్యాల గద్యానికి మూడు వాక్యాలు చాలు. పెద్ద గద్యమైతే అందులో మూడో వంతు.

6. చివరికి పుస్తకం తెరిచి మూడు చూసుకోండి: అంకెలు సరిగ్గా ఉన్నాయా? 'కాదు', 'లేదు', 'పోదు' లాంటి మాటలు మిగిలాయా? గద్యంలో లేని సొంత మాట ఏదైనా చేరిందా?

ఆరో మెట్టును పిల్లలు ఎక్కువగా వదిలేస్తారు. అది ఎంత ముఖ్యమో రెండో గద్యం చెప్తుంది.

రెండో గద్యం: బోరు నీళ్లు

"మన ప్రాంతంలో నేల అడుగున గ్రానైటు జాతి రాళ్లు ఉన్నాయి. ఈ రాళ్లలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు రాళ్ల మధ్య ఎక్కువ కాలం నిలిచి ఉంటే ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీటిలోకి చేరుతుంది. అందుకే లోతైన బోర్ల నీటిలో అది ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్ల మీద మచ్చలు వస్తాయి. మోతాదు ఇంకా ఎక్కువైతే ఎముకలు దెబ్బతిని కీళ్లు బిగుసుకుపోతాయి. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు కొంత ఆవిరైపోయి, ఫ్లోరైడ్ అంతే మిగులుతుంది. గుడ్డతో వడకట్టినా పోదు. ఆర్‌ఓ పద్ధతిలో శుద్ధి చేస్తే చాలావరకు తొలగిపోతుంది."

దీనికి సారాంశం రాయమంటే తరగతిలో కొందరు చివరి వాక్యంగా "కాబట్టి నీటిని మరిగించి, వడకట్టి తాగాలి" అని రాస్తారు. గద్యం చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఎందుకిలా రాస్తారు? చిన్న తరగతుల నుంచి 'నీటిని మరిగించి తాగాలి' అని మనమే నేర్పాం. క్రిముల విషయంలో ఆ మాట సరైనదే. ఆ పాత పాఠం వచ్చి కొత్త పాఠం మీద కూర్చుంది. వేరుశనగ విషయంలో జరిగిందీ ఇదే. అయితే చెనక్కాయ గురించి తప్పు చెప్తే అవ్వ నవ్వుతుంది, అంతే. నీళ్ల గురించి తప్పు సారాంశం ఇంటికి పోతే, ఆ ఇంట్లో బోరు నీళ్లు మరిగించి "ఇక భయం లేదు" అనుకుంటారు.

సరైన సారాంశం ఇలా ఉండవచ్చు: "రాళ్లలోని ఫ్లోరైడ్ చేరడం వల్ల లోతైన బోరు నీటిలో అది ఎక్కువగా ఉండవచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. మరిగించినా వడకట్టినా ఫ్లోరైడ్ పోదు, ఆర్‌ఓ శుద్ధితో చాలావరకు పోతుంది."

ఇక్కడ 1.5 అనే అంకెను వదలకూడదు, ఎందుకంటే ఏ నీళ్లు తాగవచ్చో తేల్చేది అదే. వేరుశనగ గద్యంలో 'నెల రోజులు' వదిలినా పరవాలేదు. ఏ అంకె ఉంచాలి, ఏది వదలాలి అనేది విషయాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో ఫిల్టర్ నీళ్లు తెచ్చే పిల్లలు ఆ నీళ్లు ఎందుకు తెస్తున్నారో ఈ మూడు వాక్యాల్లో మీ అమ్మకు, నాయనకు చెప్పండి.

తల్లిదండ్రులు చేయవలసింది

వారానికి రెండు రోజులు, రోజుకు పది నిమిషాలు చాలు. పిల్లలు చదివింది మీకు చెప్పాలి, మీరు వినాలి. పని చేసుకుంటూ విన్నా ఫరవాలేదు. విన్న తర్వాత మూడు ప్రశ్నలు అడగండి: "దేని గురించి చదివినావు? అది ఎందుకట్ల అవుతుంది? అందులో లేదు, కాదు అని ఏమైనా చెప్పినారా?" మీకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగితే పిల్లలకు అర్థమైనట్టే. "అంటే ఏమి? నాకు తెలియలేదు" అని మీరు అంటే, వాళ్లు మళ్లీ పుస్తకం తెరుస్తారు. ఆ రెండోసారి తెరవడంలోనే అసలు చదువు ఉంది.

పొలం, పశువులు, వాన, పురుగుమందుల గురించి మీకు తెలిసింది పుస్తకంతో సరిపోకపోతే పిల్లలను కొట్టిపారేయకండి. "పుస్తకంలో ఏముందో ఇంకోసారి చూడు, రేపు మీ సార్‌ను కూడా అడుగు" అనండి. కొన్నిసార్లు మీరే సరి కావచ్చు, కొన్నిసార్లు పుస్తకం సరి కావచ్చు.

పదో తరగతి తర్వాత మన పిల్లలు పీయూసీకి కన్నడ లేదా ఇంగ్లిష్ మాధ్యమంలోకి వెళ్తారు. అప్పుడు భాష కొత్తది, పాఠాలు పెద్దవి. గైడులో ఉన్నది బట్టీ పట్టడం అలవాటైతే అక్కడ చాలా ఇబ్బంది పడతారు. పేరాలో అసలు మాట, దాని కారణం వెతకడం తెలుగులో అలవాటైతే, అది ఏ భాషలోనైనా వెంట వస్తుంది. బాగా వచ్చిన భాషలో నేర్చుకోవడమే దీనికి సులువైన దారి.

మీరే చేసి చూడండి: సోలార్ పలకలు

"మన తాలూకాలోని తిరుమణి పరిసర గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు ఉంది. దాని సామర్థ్యం 2,050 మెగావాట్లు. పార్కు కోసం రైతుల భూములను కొనకుండా కౌలుకు తీసుకున్నారు. సోలార్ పలకల్లో సిలికాన్ అనే పదార్థం ఉంటుంది. దాని మీద వెలుతురు పడినప్పుడు ఎలక్ట్రాన్లు కదిలి విద్యుత్తు పుడుతుంది. ఈ విద్యుత్తును పుట్టించేది వెలుతురే కానీ వేడి కాదు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక, పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.5 శాతం తగ్గుతుంది. పలకల మీద దుమ్ము పేరుకున్నా వెలుతురు అడ్డుపడి ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే వాటిని తరచూ శుభ్రం చేస్తారు."

ముందుగా ఒక నిర్ణయం తీసుకోండి: ఈ గద్యం పార్కు గురించా, పలక పనిచేసే తీరు గురించా? తర్వాత మూడు వాక్యాలు రాయండి. రాసేవరకు కింద చూడకండి.

నేను రాసింది: "సోలార్ పలకలోని సిలికాన్ మీద వెలుతురు పడితే విద్యుత్తు పుడుతుంది. దానికి వేడి అక్కరలేదు, పలక 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. దుమ్ము వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి మన తిరుమణి ప్రాంతంలో ఉన్నటువంటి పార్కుల్లో పలకలను తరచూ తుడుస్తారు."

ఎకరాలు, మెగావాట్లు వదిలేశాను, ఎందుకంటే గద్యంలో ఎక్కువ వాక్యాలు పలక పనిచేసే తీరు గురించే ఉన్నాయి. మీ సారాంశంలో అవి ఉంటే తప్పని కాదు, కానీ వెలుతురు, వేడి తేడా పోయి ఎకరాలు మాత్రం మిగిలితే తప్పే. "ఎండ ఎంత మండితే అంత కరెంటు" అని రాసినవాళ్లు గద్యాన్ని ఇంకోసారి చదవండి.

విద్యార్థులకు మనవి: ఒక నోట్‌బుక్కును సారాంశాలకే కేటాయించండి. ఎడమ పేజీలో గద్యం పేరు, తేదీ, మీరు మొదట రాసింది. కుడి పేజీలో పుస్తకం తెరిచి చూసుకున్నాక దిద్దుకున్నది. తప్పు రాసిన పేజీని చింపకండి. నేను చూసేటప్పుడు ముందు ఎడమ పేజీనే చూస్తాను. మీ మనసులో ఏ పాత మాట అడ్డం వచ్చిందో అక్కడే నాకు తెలుస్తుంది. దాన్ని బట్టే తర్వాత ఏం చెప్పాలో నేను తేల్చుకుంటాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు